ఏడు ముక్కల తలపాగా

పెరలబండ అంచున నిలబడి కిందికి తొంగి చూసిన మణిమంతపుర యువరాజు ఉదయకేతుకి, తన కాళ్ళు తన మాట వినవేమోనన్న అనుమానం జీవితంలో మొట్టమొదటిసారి కలిగింది. కత్తి దూసి పులిని ఎదిరించిన వీరుడే. మదపుటేనుగు మెడ మీదికి ఎగిరి కూర్చున్న సాహసే. కానీ పులితో పోరాడినా ఏనుగుతో పోరాడినా కాళ్ళ కింద నేల ఉంటుంది. ఇక్కడ ఆ సదుపాయం లేదు.

ఆ బండ ఉన్న జుంటికోన అందం మాత్రం చూసి తీరవలసిందే. ఏడు కొండకొమ్ములు గుండ్రంగా నిలబడి ఉంటాయి. ఒక్కో కొమ్ము మీద ఒక్కో పల్లె. వాటి నడుమ ఇప్పచెట్లు, మొగలిపొదలు, పలకరాళ్ళ మీదుగా గలగలమంటూ దూకే సెలయేళ్ళు. ఉదయపు ఎండ పడేసరికి పెరలబండ నిలువెల్లా బంగారు రంగులో మెరిసిపోతుంది. ఆ మెరుపు రాతిది కాదు, బండకి వేలాడే మూడు వందల తేనెపట్లది. ఒక్కో పట్టు బండిచక్రమంత ఉంటుంది. వాటి మీద ముసిరే ఈగలు పిచ్చుకలంత, వాటి రెక్కలు నెమలికంఠం రంగు. అవన్నీ ఒక్కసారి రెక్కలాడిస్తే కోన మొత్తం తంబుర మీటినట్టు మోగుతుంది. ఆ మోతకి అలవాటుపడిన పల్లెవాళ్ళు కాస్త గట్టిగా మాట్లాడతారు, అంతే.

ఆ తేనె కోసమే ఉదయకేతు నాలుగు రోజులు ప్రయాణం చేసి వచ్చాడు. కారణం చిన్నది కాదు. ఘూర్ణాక్షుడనే మాంత్రికుడు ఉన్నాడు. వాడి ఎడమకన్ను ఎప్పుడూ బొంగరంలా తిరుగుతూ ఉంటుంది. వాడి విద్య అంతా ఒక్క కిటుకులో ఉంది. ఒక తలకి ఎన్ని తలలు వంగితే అన్ని తలలనీ ఒకే ముడితో బిగించేస్తాడు. అందుకే వాడు ఏ దేశాన్నీ సైన్యంతో ముట్టడించడు. రాజుకి ఒక నీలమణి కానుక ఇస్తాడు. మణిమంతపురం రాజు ధర్మకేతు కూడా పుట్టినరోజున ఆ మణిని కిరీటంలో పొదిగించుకుని కొలువు తీరాడు. మంత్రులు, సేనానులు, పౌరులు అందరూ నమస్కారానికి తలలు వంచారు. వంచిన తలలు మళ్ళీ లేవలేదు. లక్షమంది వంగిన నడుములతో బొమ్మల్లా అలాగే నిలిచిపోయారు, మణి పెట్టుకున్న రాజు సింహాసనం మీదే శిలలా బిగిసిపోయాడు. ఆ ఉదయం గుర్రపుశాలలో ఒక ఆడగుర్రం ఈనుతుంటే దాని తల నిమురుతూ కూర్చున్న యువరాజు ఒక్కడే తప్పించుకున్నాడు.

జుంటికోనలో ఏడు పల్లెల తేనె కలిసిన చుక్క ఒక్కటి, ధర్మకేతు నాలుక మీద పౌర్ణమి లోపల పడితే ఆ ముడి వీడిపోతుందని ఒక యోగిని చెప్పింది. ఆ తేనె కొన్నది కాకూడదు, దొంగిలించింది కాకూడదు, లాక్కున్నది అసలే కాకూడదు. వాటాగా రావాలి. పౌర్ణమికి ఇంక అయిదు రోజులే ఉన్నాయి.

భుజాన గాజుల మలారం వేసుకుని, గాజులవాడి వేషంలో కోనలోకి వచ్చిన ఉదయకేతు చేసిన మొదటి పని, ఈ దేశాన్ని ఏలేది ఎవరని అడగడం. మొదటి పల్లెలో అడిగితే రెండో పల్లెలో కనుక్కోమన్నారు. రెండో పల్లెవాళ్ళు మూడో పల్లెకి పంపారు. పొద్దు వాలేదాకా కొండలెక్కి దిగి ఏడో పల్లె చేరితే, అక్కడివాళ్ళు కాస్త ఆలోచించి, "ఏమో నాయనా, మొదటి పల్లెలో ఎవరైనా ఉన్నారేమో చూడు" అన్నారు. ఆ కోనకి రాజు లేడు, సామంతుడు లేడు, కనీసం డప్పు కొట్టే తలారి కూడా లేడు.

"వాటా కావాలంటే పని చెయ్యాలి గాజులబ్బాయీ" అంది సుంకులవ్వ. ఆమె దిగువపల్లె ముసలామె. నోట్లో పళ్ళు నాలుగే అయినా మాట మాత్రం గట్టిది. "చేతులున్నాయి కదా. రేపు మోకు మీద దిగు."

అలా ఈ ఉదయం యువరాజు నడుముకి అడ్డతీగతో పేనిన మోకు బిగించారు. ఒక చేతికి కొడవలి, ఇంకో చేతికి పొగకట్ట ఇచ్చారు. అంతవరకూ బాగానే ఉంది. మోకు రెండో కొస ఎవరి చేతిలో ఉందో చూసేసరికి మాత్రం ఆయన ఒక అడుగు వెనక్కి వేశాడు. మీదిపల్లె బోడెన్న! ఇనుప గుండులాంటి తల, పొదలాంటి మీసం. నిన్న సాయంత్రం వాడి మేక వచ్చి మలారాన్ని పడదోసి సగం గాజులు పగలగొడితే, ఉదయకేతు అంతఃపుర మర్యాదలన్నీ మరిచిపోయి వాణ్ణి నానా మాటలూ అన్నాడు.

"అవ్వా, నా మోకు ఇంకెవరికైనా ఇవ్వకూడదా?"

"కూడదు. మోకు మీద దిగేవాడికి అయినవాళ్ళు పట్టకూడదు. కడపటిసారి ఎవరితో తగాదా పడ్డాడో వాళ్ళే పట్టాలి. మా తాతల నాటి నుంచీ ఇంతే."

"ఇదెక్కడి న్యాయం? పగవాడి చేతిలో ప్రాణం పెడతారా?"

"రేపు వాడు దిగేటప్పుడు మోకు నీ చేతిలో ఉంటుంది కదా" అంది అవ్వ, అదంతా ఎంతో మామూలు సంగతైనట్టు. "అందుకే ఇక్కడ ఎవరూ మరీ నోరు పారేసుకోరు. నీకు తెలియక పారేసుకున్నావు."

బోడెన్న మీసం దువ్వుకుంటూ, "మేక బాగానే ఉందిలే గాజులోడా. దిగు" అన్నాడు.

ఉదయకేతు కళ్ళు మూసుకుని దిగాడు. నూటయాభై బారల లోతున గాలి ఆయన్ని ఊయలలా ఊపసాగింది. పొగకట్ట ఆడిస్తే నీలిరెక్కల ఈగలు పక్కకి జరిగాయి. మొదటి పట్టు కొడవలికి సులువుగా తెగి కింద కట్టిన బుట్టలో పడింది. రెండోది, మూడోది కూడా అలాగే తెగాయి. నాలుగో పట్టు దగ్గర ఆయనకి శిలలా బిగిసిన తండ్రి గుర్తొచ్చాడు, ఎంత తేనె ఉంటే అంత మంచిదనిపించింది. మూడో వంతు ఈగలకి వదలాలని అవ్వ చెప్పిన మాట మరిచి పట్టు మొత్తానికీ కొడవలి వేశాడు.

తంబుర మోత ఒక్కసారిగా ఆగిపోయింది. మరుక్షణం వందల ఈగలు నల్లటి మబ్బులా లేచాయి. ఉదయకేతు కాలితో బండని తన్ని పక్కకి ఊగాడు. ఈగలూ ఊగాయి. మెడ మీద ఒకటి, చెవి మీద ఒకటి కుట్టాయి. పొగకట్ట జారి లోయలో పడిపోయింది. "లాగు! లాగు!" అని అరిచేలోపే, పైన బోడెన్న రెండు కాళ్ళూ రాతికి తన్నిపెట్టి బావిలో చేద తోడినట్టు చకచకా లాగేశాడు. అంచు మీద వెల్లకిలా పడ్డ యువరాజు చెవి అప్పటికే బూరెలా ఉబ్బింది.

"వాటి వాటా వాటికి వదల్లేదు కదూ?" అన్నాడు బోడెన్న. చెవికి పసుపు అద్ది, మళ్ళీ మోకు బిగించి, "పో, సగం కోసిన ముక్క తిరిగి అతికించి రా. మైనంతో అతుక్కుంటుంది" అన్నాడు. యువరాజు కిక్కురుమనకుండా దిగి అతికించి వచ్చాడు. ఈసారి ఒక్క ఈగ కూడా కుట్టలేదు. ఆయనకి ఎందుకో లోపల చాలా సంతోషమేసింది.

మధ్యాహ్నానికి ఏడు పల్లెలవాళ్ళూ కోన నడుమ ఉన్న చదునైన బండ మీద చేరారు. అక్కడొక రాతి తొట్టి ఉంది. అన్ని పల్లెలు కోసిన పట్లూ అందులోనే పిండుతారు. చుట్టూ ఒకే కొలత కుండలు ఏడు పెట్టారు. పంచేవాడు తొట్టిలోంచి కుండలు నింపుతాడు. పల్లెలవాళ్ళు వచ్చి ఒక్కో కుండ ఎత్తుకుంటారు. అందరూ తీసుకున్నాక, తొట్టి అడుగున ఏం మిగిలితే అది పంచినవాడిది.

"అడుగున గోకుడు తప్ప ఇంకేం మిగులుతుంది?" అన్నాడు ఉదయకేతు.

"అందుకే ఇక్కడ పంచడానికి ఎవరూ ఎగబడరు" అంది సుంకులవ్వ. "ఒకసారి పంచినవాడు మళ్ళీ బతికుండగా పంచకూడదు కూడా. ఈ ఏడు ఆ పని పరదేశివి నీకు పడింది."

అంతలో తగాదా మొదలయింది. మీదిపల్లెలో జ్వరాలు వచ్చి మోకు పనికి నలుగురే వచ్చారు. మిగతా పల్లెల నుంచి పదేసిమంది వచ్చారు. నలుగురు వచ్చిన పల్లెకి నిండు కుండ ఎందుకని దిగువపల్లె గంగులప్ప అడ్డుపడ్డాడు. తేనె లేకపోతే జ్వరాలకి మందు ఎట్లా నూరాలని బోడెన్న గర్జించాడు. ఒకరి మాటకి ఇంకొకరు తగులుకుని ఏడు పల్లెలూ ఒకేసారి కేకలేయడం మొదలుపెట్టాయి. ఒక గడియ అయింది. రెండు గడియలయ్యాయి. పొద్దు నడినెత్తి నుంచి పడమటికి జారుతోంది. ఒక ముసలాయన అందరూ అయిపోయిందనుకున్న చోట మళ్ళీ మొదటి నుంచీ ఎత్తుకున్నాడు.

ఉదయకేతు ఒళ్ళు మండిపోయింది. అక్కడ లక్షమంది నడుములు వంగి నిలబడి ఉన్నారు, ఇక్కడ వీళ్ళకి ఒక్క కుండ సంగతి తేలడం లేదు. "మా దేశంలో అయితే రాజుగారు రెప్పపాటులో తేల్చేవారు!" అని అరిచాడు.

"తేలుస్తాడు, కాదనను" అంది సుంకులవ్వ. "ఆ రాజుకే జ్వరమొస్తే?"

యువరాజు తండ్రిని తలుచుకున్నాడు. తన రాజ్యానికి పట్టిన గతి అదే కదా!

సరిగ్గా అప్పుడు వేలాడు వంతెన మీదుగా ఒక ఉప్పు వర్తకుడు గాడిదని తోలుకుంటూ వచ్చాడు. తలకి కట్టిన తువ్వాలు ఎడమకంటి మీదికి జారి ఉంది. నవ్వు మాత్రం చెవుల దాకా ఉంది. తగాదా అంతా విని, అయ్యో అయ్యో అంటూ చేతులు నలుపుకున్నాడు.

"ఎంత చక్కని జనం, ఎంత పాడు తంటా! తమ్ముళ్ళారా, ఈ గాజులబ్బాయిని చూడండి. ముఖంలో కళ ఉంది, మాటలో తీర్పు ఉంది. ఈ ఒక్కడికి అప్పగిస్తే ఏడాదికేడాది మీకు ఈ రొద ఉండదు. ఇదిగో, నా తరఫున ఇతనికొక చిన్న కానుక."

గాడిద మూటలోంచి వాడు తీసిన తలపాగాని చూసి కోన అంతా నోరు తెరిచింది. సంధ్యారాగం పోసి నేసినట్టున్న పట్టు. అంచున వెండి హంసలు బారులు తీరి ఉన్నాయి. ఇరవై ఒక్క మూరల పొడవున అది విచ్చుకుంటుంటే మొగలిపొదల మీద గులాబీ వెలుగు పడింది. దాని మడతల్లో ఏదో తళుక్కుమంది కానీ ఏమిటో ఎవరికీ కనబడలేదు.

ఉదయకేతు కళ్ళు దాని మీదే ఆగిపోయాయి. ఒక్క మాట. ఈ తలపాగా కట్టుకుని ఒక్క మాట అంటే చాలు. తగాదా తేలుతుంది, తేనె చేతికొస్తుంది, పొద్దుండగానే వంతెన దాటేయొచ్చు. పైగా మీదిపల్లెకి నిండు కుండ ఇప్పించొచ్చు కూడా. అందరికీ మంచిదే కదా! ఆయన తల వంచాడు. వర్తకుడు చుట్టు మీద చుట్టు వేసి, ఆఖరి మడత ముందుకి తిప్పి బిగించాడు. నుదుటి మీద చల్లగా ఏదో తగిలింది.

నీలమణి! తండ్రి కిరీటంలోని మణికి తోబుట్టువే!

మోసం మోసమని అరవబోయాడు. నాలుక కదల్లేదు. చెయ్యెత్తబోయాడు. చెయ్యి రాయిలా ఉండిపోయింది. కళ్ళు ఒక్కటే తిరుగుతున్నాయి. వర్తకుడి తువ్వాలు కొంచెం పక్కకి జరిగింది. దాని కింద ఎడమకన్ను గిరగిరా తిరుగుతోంది. ఇంత దూరం వచ్చి, ఇన్ని వేషాలు వేసి, ఆఖరికి తానే తలొంచి ఆ మణిని కట్టించుకున్నాడు. ఇక ఈ జనమంతా ఒక్కసారి వంగితే చాలు, మణిమంతపురం పక్కన జుంటికోన కూడా చేరుతుంది. ఆ తేనె ఇక ఎవరికీ దక్కదు. ఉదయకేతు కళ్ళ వెంట నీళ్ళు ధారకట్టాయి.

"ఇక మీ ఏలికకి అందరూ తలలు వంచండి!" అన్నాడు ఘూర్ణాక్షుడు, ఆనందం పట్టలేక.

ఏడు పల్లెలవాళ్ళూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"వంగడమెందుకయ్యా? ఏమన్నా పడిపోయిందా?" అంది సుంకులవ్వ.

"ఏమీ పడలేదు. గౌరవం కోసం వంగాలి."

"నడుము నొప్పి నాకు. గౌరవం నిలబడే ఇస్తాలే." అవ్వ ముందుకొచ్చి తలపాగా కొసని వేళ్ళతో నలిపి చూసింది. "గుడ్డ బాగుందే! ఎన్ని మూరలు?"

"ఇరవై ఒకటి... అవ్వా, అది ముట్టుకోకూడదు."

"ఏడు పల్లెలకి సమంగా వస్తుంది, మూడేసి మూరలు" అన్నాడు బోడెన్న. అంతసేపటి నుంచి కేకలేస్తున్న జనం తలలూపారు. పంపకాల రోజున ఆ బండ మీదికి ఏది వచ్చినా పంచుకోవడం వాళ్ళకి తెలిసిన ఒకే ఒక్క పద్ధతి. ఏరు కొట్టుకొచ్చిన దుంగైనా, దారి తప్పి వచ్చిన అడవిపంది అయినా అంతే. ఒక్కడి నెత్తిన ఇరవై ఒక్క మూరల గుడ్డ ఉంటే అది వాళ్ళ కంటికి పంచడం మరిచిపోయిన గుడ్డలాగే కనబడింది.

"ఆగండి! అది రాజచిహ్నం! కోస్తే పాపం!" మాంత్రికుడు గాడిద చుట్టూ గంతులేశాడు. ఎవరు వింటారు? గంగులప్ప కొస పట్టుకున్నాడు, బోడెన్న యువరాజుని బొంగరంలా తిప్పి గుడ్డ విప్పాడు, సుంకులవ్వ మోచేత్తో కొలిచి తేనెకొడవలితో సర్రున చీరింది. మొదటి ముక్క తెగగానే ఉదయకేతు కాలివేళ్ళు కదిలాయి. రెండో ముక్కకి మోకాళ్ళు, మూడోదానికి చేతులు వదులయ్యాయి. ముక్క తెగినప్పుడల్లా ఘూర్ణాక్షుడు కత్తిపోటు తగిలినవాడిలా మెలికలు తిరిగాడు. అయిదో ముక్కని దిగువపల్లె బాలింత ఒకామె అక్కడికక్కడే చెట్టుకొమ్మకి ఊయల కట్టేసి బిడ్డని పడుకోబెట్టింది. ఏడో ముక్క తెగేసరికి యువరాజు నాలుక విడిపోయింది.

"మణి! ఆ మణిని పట్టుకోండి!"

ఆఖరి మడతలోంచి జారిన నీలమణి బండ మీద టంగుమని ఎగిరి, రాతి తొట్టిలో బుడుంగుమని మునిగింది. ఘూర్ణాక్షుడు దాని మీదికి ఒక్క దూకు దూకాడు. తేనె అంటగానే వాడి అరచేతులు నిప్పుల్లో పెట్టినట్టు కమిలిపోయాయి. పెద్ద కేక వేసి, బారెడు రెక్కల నల్లని డేగగా మారి ఆకాశంలోకి లేచాడు.

"ఒరే ఉదయకేతూ! తేనెని నేను ముట్టుకోలేను సరే, నువ్వు బయటికెట్లా పోతావో చూస్తాను!" అంటూ వంతెన మీద వాలి, గోళ్ళతో దాని తాళ్ళు పటపటా తెంపేశాడు. వంతెన లోయలోకి కూలిపోయింది. గాడిద మాత్రం నింపాదిగా మొగలిపొదలో మేస్తూ నిలబడింది.

ఉదయకేతు తన సంగతంతా చెప్పేశాడు. అందరూ శ్రద్ధగా విన్నారు. "యువరాజంటే ఏం పని చేస్తారు నాయనా?" అని ఒకాయన అడిగితే, ఏం చెప్పాలో ఎంత ఆలోచించినా ఆయనకి తోచలేదు.

"ముందు పంపకం కానివ్వండి" అన్నాడు బోడెన్న. గంగులప్ప వైపు తిరిగి, "ఏమప్పా, గుడ్డని ఏడు ముక్కలు చేశారు. అప్పుడు మా ఊరి నుంచి నలుగురే వచ్చారని ఎవరికీ గుర్తు రాలేదేం?" అన్నాడు.

గంగులప్ప చేతిలోని పట్టుముక్క కేసి చూసుకున్నాడు. తల గోక్కున్నాడు. తర్వాత ఫక్కున నవ్వేశాడు. "పోనీలేవయ్యా. నిండు కుండే తీసుకోండి. వచ్చే ఏడు మాత్రం ఆరుగురిని ఎక్కువ పంపాలి."

"జ్వరాలు తగ్గితే పన్నెండుమందిని పంపుతాం."

అంతే, తేలిపోయింది. యువరాజు తెడ్డు పట్టుకుని ఏడు కుండలూ నింపాడు. ఏది ఎవరికి పోతుందో తెలియదు కాబట్టి చుక్క అటూ ఇటూ కాకుండా నింపాడు. ఒక్కో పల్లె వచ్చి ఒక్కో కుండ ఎత్తుకుంది. అందరికన్నా చివర ఆయన తొట్టిలోకి వంగి అడుగున మిగిలింది తెడ్డుతో గోకాడు. ఒక్క ముంతకి సరిపడా వచ్చింది. చిక్కగా, పుప్పొడితో, మైనపు తునకలతో, ఏడు పల్లెల పట్లదీ కలగలిసి. నడుమ నీలమణి మెరుస్తోంది.

ఉదయకేతు మోకాళ్ళ మీద కూర్చుని ఆ ముంతని చూశాడు. నిండు కుండలో ఉన్నది పైన తేరుకున్న తేనె. ఏడూ కలిసి అడుగున దిగింది మాత్రం ఈ గోకుడే. ఆ తలపాగాతో ఏలికగా కూర్చుని మొదటి కుండ తీసుకుని ఉంటే, తండ్రికి పనికొచ్చే చుక్క చేతికి వచ్చేదే కాదు. ఆయన గుండె నిండిపోయింది. లేచి సుంకులవ్వ చెయ్యి పట్టుకున్నాడు.

"చాల్లే, పొద్దు పోతోంది" అంది అవ్వ. "వంతెన లేదు. కొండలు చుట్టి పోతే పన్నెండు రోజులు. పెరలబండ మీద నుంచి దిగితే అడుగున ఏరు ఉంది. ఏటి వెంబడి నాలుగు రోజుల్లో మీ ఊరు చేరతావు."

"అంత పొడుగు మోకు ఉందా?"

"ఒక్క పల్లె దగ్గర లేదు."

ఏడు పల్లెలు ఏడు మోకులు తెచ్చాయి. ఏడూ ముడివేసి ఒక్కటి చేశారు. ముంతకి మూత బిగించి యువరాజు ఛాతీకి కట్టారు. కట్టిన గుడ్డ మీదిపల్లెవాళ్ళకి వాటాకొచ్చిన పట్టుముక్క. "ఎట్లాగూ మాకు తలపాగాలు అలవాటు లేదు" అన్నాడు బోడెన్న. మోకు కొస తన నడుముకి చుట్టుకుని రాతికి కాళ్ళు తన్నిపెట్టాడు. వాడి వెనక గంగులప్ప, వాడి వెనక మిగతా పల్లెలవాళ్ళు మోకు పట్టుకున్నారు.

"మనిద్దరికీ ఇప్పుడు తగాదా లేదు కదా బోడెన్నా" అన్నాడు ఉదయకేతు నవ్వుతూ.

"ఉందిలే. నా మేకని నువ్వు అన్న మాటలు అది ఇంకా మరిచిపోలేదు. దిగు."

యువరాజు దిగాడు. ఈసారి కళ్ళు మూసుకోలేదు. సాయంకాలపు ఎండలో ఏటి నీళ్ళు కింద వెండిదారంలా కనబడుతున్నాయి. వంద బారలు దిగాడు. నూటయాభై దిగాడు. అప్పుడు సూర్యుడి లోంచి ఊడిపడ్డట్టు నల్లని డేగ దూసుకొచ్చింది. ముంత దగ్గరికి రాలేదు. ఆయన తలకి ఇరవై బారల పైన, రెండు మోకులు కలిసిన ముడి మీద వాలి, ముక్కుతో పీచు పీచుగా తెంపసాగింది.

ఉదయకేతు కొడవలి దూశాడు. అందదు. అరిచాడు. డేగ నవ్వింది. ఒక పురి తెగింది. రెండో పురి తెగింది. మోకు గిర్రున తిరిగి ఆయన్ని బండకేసి కొట్టింది. కొట్టుకున్నచోట భుజానికి మెత్తగా ఏదో తగిలింది. చూస్తే తేనెపట్టు. ఒక వారన మైనంతో అతికించిన గుర్తు. పొద్దున ఆయన కోసి, తిరిగి అతికించిన పట్టే!

తంబుర మోత ఆగింది. నీలిరెక్కల మబ్బు లేచింది. ఆ మబ్బు ఆయన చెవుల పక్కగా, ఒక్క రెక్క కూడా తగలకుండా పైకి పోయి డేగని కమ్మేసింది. ఈకలు రాలాయి. మాంత్రికుడి కేక ఏడు కొండల్లోనూ మారుమోగింది. డేగ గిలగిల కొట్టుకుంటూ మలుపు తిరిగి ఏటి దిగువకి ఎగిరిపోయింది. యువరాజు పోవలసిన దారి కూడా అటే.

ముడి దగ్గర ఇప్పుడు ఒకే ఒక్క పురి మిగిలింది. కింద ఏరు ఇంకా నలభై బారల దూరం ఉంది.

"గాజులబ్బాయీ!" పైనుంచి బోడెన్న గొంతు వినబడింది. "ఒక్క పురే ఉంది! లాగమంటావా, దించమంటావా?"

పొద్దున అయితే ఆయన ఠకీమని ఆజ్ఞ ఇచ్చేవాడే. ఇప్పుడు మోకు బరువు ఎట్లా ఉందో తన చేతికి తెలియదు, వాళ్ళ చేతులకి తెలుసు. "మీకెట్లా తోస్తే అట్లా!" అని అరిచాడు.

పైన ఏడు పల్లెలూ ఒక్కసారిగా అందుకున్నాయి. లాగితే తెగుతుందని గంగులప్ప, ఆగితే ఇంకా తెగుతుందని ఇంకొకడు, గాలి పడేదాకా చూద్దామని ఎవరో, అసలు అడ్డతీగ ఏ నెలలో కోశారని ఆ పాత ముసలాయన మళ్ళీ మొదటి నుంచీ మొదలుపెట్టాడు. సుంకులవ్వ అందరినీ కలిపి తిడుతోంది. ఆకాశంలో వేలాడుతున్న మణిమంతపుర యువరాజుకి నవ్వాగలేదు. ముంతని గుండెకి అదుముకుని, ఉబ్బిన చెవితో ఆ రొదంతా వింటూ ఊగుతున్నాడు.

కాసేపటికి ఆయన గమనించాడు. వాదన ఇంకా తేలనేలేదు. కానీ ఎదురుగా ఉన్న బండ మీద ఒక తేనెపట్టు మెల్లగా పైకి పోయింది. దాని వెనక ఇంకొకటి పోయింది. పైన నోళ్ళన్నీ తలోదారి పోతున్నాయి, చేతులన్నీ మాత్రం ఒక్క కుదుపు కూడా లేకుండా, జాన తర్వాత జాన, ఆయన్ని ఏటి వైపు దించుతూనే ఉన్నాయి.